పై వంతు

ఫిబ్రవరి 9

హాల్లో చలి. అందుకే వేళ్ళు సరిగా కదల్లేదు. హీటర్ వేయమంటే "వేశామండీ" అన్నాడు వాచ్‌మన్. వేసినవాడు కోటు మీద కోటు తొడుక్కుని ఎందుకు తిరుగుతున్నాడో మరి.

మేం మెట్ల పీస్ అని పిలుచుకునేది రిహార్సల్ చేశాం. ఎడమచెయ్యి గబగబా మెట్లు దిగినట్టు దిగే చోట నా చిటికెనవేలు లోపలికి ముడుచుకుపోయింది. ఎవరో దారం కట్టి లాగినట్టు. దాని వెనకే ఉంగరపు వేలూనూ.

అక్క చూడలేదు. ఎప్పటిలాగే ఒకే పియానో బెంచీ మీద నాకు ఎడమ పక్కన, కళ్ళు స్వరాల కాగితం మీద పెట్టుకుని వాయిస్తోంది. ఎడమవైపు కింది స్వరాల వంతు తనది, కుడివైపు పై వంతు నాది.

"మళ్ళీ ఒకసారి చేద్దామా?" అంది.

"ఎందుకు, వచ్చింది కదా."

"ఆఁ, వచ్చిందిలే" అంది.

ఫిబ్రవరి 10

ఇంట్లో వాయించుకున్నాను. బాగానే ఉంది.

ఫిబ్రవరి 11

బాగానే ఉంది.

ఫిబ్రవరి 13

పియానోలోనే ఏదో ఉంది. ఎడమవైపు మీటలు బరువుగా దిగుతున్నాయి. ట్యూనర్ని పిలిపించాను. అంతా తీసి చూసి, ఏం లేదండీ అన్నాడు. మొహమాటానికి అన్నాడేమో. ఇంకొకతన్ని పిలవాలి.

ఫిబ్రవరి 20

రేడియోవాళ్ళు వచ్చారు. మళ్ళీ అదే ప్రశ్న: ఇన్నేళ్ళుగా ఇద్దరూ ఒకే పియానో మీద ఎలా?

అక్క దగ్గర జవాబు తయారుగా ఉంటుంది. "ఇంట్లో పియానో ఒకటే ఉండేది. ఆడపిల్లలం ఇద్దరం. జుట్లు పట్టుకుని కొట్టుకుంటుంటే మా అమ్మ విసిగిపోయి ఇద్దర్నీ ఒకే బెంచీ మీద కూలేసింది. అప్పట్నించి లేవమన్నవాళ్ళు లేరు."

రేడియో అమ్మాయి పడీ పడీ నవ్వింది. బావ పక్కగదిలోంచి తన వంతు అందుకున్నాడు: "వీళ్ళకి నాలుగు చేతులమ్మా, నాకున్నవి రెండు చెవులే. కచేరీలు మాట్లాడేది, కారు తోలేది, తిట్లు తినేది అన్నీ ఈ రెండు చెవులతోనే."

ఇదీ పాత జోకే. పెళ్ళైన ఏడాది నించీ చెప్తున్నాడు. ఆ అమ్మాయి నన్ను కూడా అడిగింది, "మీరు ఒంటరిగా వాయించాలని ఎప్పుడూ అనుకోలేదా?" అని. "పెడల్ మా అక్క కాళ్ళ కింద ఉంటుంది, ఒంటరిగా వాయిస్తే ఎవరు తొక్కుతారు?" అన్నాను. దానికీ నవ్వింది. నవ్వే పిల్ల.

మార్చి 2

చూశావా! ఏమీ లేదు. అంతా ఊరికే బెంగ.

ఈరోజు కచేరీలో మెట్ల పీస్ ఎంత బాగా వచ్చిందంటే, ఆ దిగే వరసలో ఒక్క స్వరం కూడా తడబడలేదు. వేలు ముడుచుకున్నట్టే అనిపించింది కానీ స్వరం మాత్రం పలికింది. అంటే అనిపించడమే తప్ప ఏమీ లేదన్నమాట. అక్కతో అన్నాను, "ఇవాళ నా చెయ్యి నా మాట విన్నది" అని.

"వింది" అంది అక్క. మణికట్టు తిప్పుకుంటూ కూర్చుంది. వయసు మీద పడుతోంది తనకి.

మార్చి 3

పేపర్లో రాశారు, "చెల్లెలి ఎడమచేతి స్పష్టత" అని. కత్తిరించి పెట్టాను.

మార్చి 11

నారింజ తొక్క తీయగలను. సూదిలో దారం ఎక్కించగలను. బొత్తాలు పెట్టుకోగలను. భోజనాలబల్ల మీద మెట్ల పీస్ మొత్తం వాయించగలను, ఐదు వేళ్ళూ బుద్ధిగా ఒకదాని తర్వాత ఒకటి లేస్తాయి. పియానో మూత తీసి మీద చెయ్యి పెట్టగానే ఆ రెండూ పురుగుల్లా ముడుచుకుంటాయి.

అలసట. వారం సెలవు తీసుకుంటే పోతుంది.

మార్చి 12

సెలవేమీ తీసుకోలేదు. పొద్దుట్నించి వాయించాను. కింది ఇంటావిడ చీపురుకట్టతో పైకప్పు పొడిచింది.

మార్చి 18

రికార్డింగ్. ఈసారి వీడియో కూడా తీస్తామన్నారు. ఒక కెమెరా మా మొహాల మీద, ఇంకోటి పైనుంచి, నాలుగు చేతులూ కనబడేలా.

మెట్ల పీస్ ఒక్కసారికే అయిపోయింది. చెవులకి పెట్టుకునేవి తీసేస్తూ రికార్డింగతను, "అద్భుతం మేడమ్, రండి చూపిస్తా" అన్నాడు. వెళ్ళి తెర ముందు నిలబడ్డాను. అక్క రాలేదు. మంచినీళ్ళు తాగొస్తానంది.

తెర మీద నా ఎడమచెయ్యి మెట్లు దిగుతోంది. దిగుతూ దిగుతూ చిటికెనవేలు ముడుచుకుపోయింది, గోరు అరచేతిలో దిగబడేంతగా. కానీ స్వరం వినిపిస్తోంది. అక్క కుడిచెయ్యి సాగి, తన చిటికెనవేలితో నా స్వరం నొక్కి, వెనక్కి వెళ్ళిపోయింది. మళ్ళీ వచ్చింది. మళ్ళీ వెళ్ళింది. వంటింట్లోకి చప్పుడు చేయకుండా వచ్చి, ఇంకొకరు వదిలేసిన గిన్నెలు సర్ది వెళ్ళినట్టు. నా చెయ్యి మాత్రం ఏమీ ఎరగనట్టు పైన ఊగుతూనే ఉంది.

"ఎంత ఒద్దికగా ఉన్నాయండీ చేతులు!" అన్నాడు అతను. "ఇది కాగితంలో ఇలాగే రాసి ఉంటుందా?"

"ఇలాగే రాసి ఉంటుంది" అంది అక్క. ఎప్పుడొచ్చిందో, నా వెనకే ఉంది.

కారులో వెనకసీట్లో కూర్చున్నాను.

"ఎప్పట్నించి?" అన్నాను.

బావ అద్దంలో నన్ను చూసి, కళ్ళు తిప్పుకున్నాడు. అంటే తనకీ తెలుసు.

"చలికాలం నించి" అంది అక్క.

"ఏ చలికాలం?"

అక్క సంచీ జిప్పు లాగి మూసింది.

"ఇప్పుడు అయిందే, ఆ చలికాలమా? అంతకుముందుదా?"

"అంతకుముందుది."

"ఎవరి చెయ్యి ఎక్కడుంటే ఏంటి మరదలా," అన్నాడు బావ, "మొత్తానికి నాలుగూ..."

"బావా, మీరు రోడ్డు చూడండి."

చూశాడు.

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాను.

"చెప్తే ఏం చేసేదానివి?"

"ఆపేసేదాన్ని."

"అందుకే చెప్పలేదు." వెనక్కి తిరిగింది. "చిట్టీ, నిజం చెప్పు. నీకు తెలీదా? పక్కనే కూర్చుని నీకు తెలీదా?"

"తెలీదు."

మార్చి 19

తెలీదు. ఇక్కడ అబద్ధం రాసుకోవాల్సిన ఖర్మేమీ నాకు లేదు. తెలీదు.

మార్చి 20

పేపరు ముక్క చింపేశాను.

మార్చి 22

అక్క ఫోన్. ఎత్తలేదు. బావ ఫోన్. ఎత్తలేదు. అక్క వచ్చి తలుపు కొట్టింది. ఇంట్లో ఉన్నానని తనకి తెలుసు, తలుపు అవతల తనే ఉందని నాకు తెలుసు. అలాగే ఉన్నాం ఇద్దరం, తలుపుకి చెరో పక్క. చివరికి "భోజనం బయట పెడుతున్నా, పిల్లి తినేలోపు తీసుకో" అని వెళ్ళిపోయింది.

పిల్లి తిన్నది.

ఏప్రిల్ 4

డాక్టర్ దగ్గరికి వెళ్ళాను. చేతులు మాత్రమే చూసే డాక్టర్. ఆవిడకి నా వయసే ఉంటుంది. నా వేళ్ళు ఒక్కొక్కటీ పట్టుకుని వంచింది, సూదితో గుచ్చింది, వైర్లు తగిలించింది. అన్నీ బాగున్నాయంది. నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది. అప్పుడు బీరువా పక్కన నిలబెట్టిన కీబోర్డు తీసి బల్లమీద పెట్టి, "ఇప్పుడు వాయించండి" అంది.

వాయించాను. చూసింది. మళ్ళీ వాయించమంది. మళ్ళీ చూసింది.

"ఎముకలూ నరాలూ కండలూ అన్నీ బాగున్నాయండీ" అంది. "మెదడులో ఒక్కో వేలికి ఒక్కో గది ఉంటుందనుకోండి. ఏళ్ళ తరబడి అదే పని, అంత వేగంగా చేసేసరికి మధ్య గోడ అరిగిపోయింది. ఒక వేలిని పిలిస్తే రెండు పలుకుతున్నాయి."

"ఇంకా సాధన చేస్తే?"

"గోడ ఇంకా అరుగుతుంది."

"మందు?"

"సూది మందు ఉంది. కొందరికి కొంత ఉపశమనం. కొన్ని కసరత్తులు ఉన్నాయి. ఓపిగ్గా, ఏళ్ళు పడుతుంది."

"స్టేజీ మీద వాయించగలనా?"

ఆవిడ బల్ల మీద పెన్నులు వరసగా సర్దింది. సర్ది, "సంగీతం కాక ఇంకేమైనా చేస్తుంటారా మీరు?" అంది.

జబ్బుకి ఒక పేరు చెప్పింది. ఇక్కడ రాయను.

ఏప్రిల్ 5

ఆ డాక్టరుకి సంగీతం తెలీదు.

ఏప్రిల్ 9

సంగీత కళాశాల హాలువాళ్ళకి ఫోన్ చేశాను. మే నెలలో నా ఒక్కదాని కచేరీ. ఎగిరి గంతేశారు. "ఇన్నాళ్ళూ మీరిద్దరూ కలిసే వాయించడం చూశాం, మిమ్మల్ని ఒక్కరినే చూడాలని ఎప్పట్నించో ఉంది" అన్నారు. అదిగో. ఉందిట.

చేతిలో తప్పేమీ లేదు. ఇన్నేళ్ళూ ఆ బెంచీలో సగంలో ఇరుక్కుని, మోచెయ్యి పక్కటెముకలకి ఆనించుకుని వాయించాను. ఎవరికైనా పట్టేస్తుంది. నడిమధ్య కూర్చుంటే చెయ్యి దానంతటదే సర్దుకుంటుంది.

ఏప్రిల్ 10

బెంచీ నడిమధ్య కూర్చున్నాను. ఎంత చోటో.

పెడల్ మాత్రం కాలికి అలవాటు తప్పింది. కుడికాలు ఎప్పుడు తొక్కాలో దానికి తెలీదు, అక్క కాలు కోసం చూస్తోంది.

ఏప్రిల్ 21

ఆ రెండు వేళ్ళనీ టేపుతో పక్కవేలికి కట్టి వాయించాను. తర్వాత రబ్బరు తొడుగు వేసుకుని. తర్వాత వేణ్ణీళ్ళలో ముంచి. తర్వాత ఐసు. బెంచీ ఎత్తు పెంచాను, దించాను. టేపు కట్టినప్పుడు కాస్త నయం. టేపు కట్టుకుని స్టేజీ ఎక్కలేను కదా.

ఏప్రిల్ 30

బాగుంది.

మే 6

నిజంగానే బాగుంది. నెమ్మది పీస్‌లో వేలు ముడుచుకోలేదు. రెండుసార్లు వరసగా. అక్కకి ఫోన్ చేసి చెప్దామని చెయ్యి ఫోన్ మీదకి వెళ్ళింది. చెప్పలేదు. అక్కడికొచ్చి చూస్తే తనకే తెలుస్తుంది. పిలవలేదనుకో. పేపర్లో చూస్తుందిలే.

మే 17

రాయాలి. ఇవాళ రాయకపోతే రేపటికి దీనికి రంగులు పూస్తాను.

హాలు నిండింది. నెమ్మది పీస్‌తో మొదలుపెట్టాను. బాగా వచ్చింది. ఇది నేను రంగు పూసి చెప్పడం కాదు, నిజంగా బాగా వచ్చింది. చప్పట్లు కొట్టారు. లోపల ఎవరో, ఇక్కడితో లేచి దణ్ణం పెట్టి వెళ్ళిపో అన్నారు. నేనే అన్నాను. వినలేదు.

రెండోది వేగంగా పరిగెత్తేది. మొదటి పేజీ దాటకముందే వేలు ముడుచుకుంది. ఆగాను. "క్షమించండి" అన్నాను. జనం నవ్వారు, ప్రేమగానే. మళ్ళీ మొదలుపెట్టాను. అక్కడే ఆగింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. మూడోసారి ఆ చోటు దాటించి అవతల నుంచి అందుకున్నాను. ఉంగరపు వేలు, చిటికెనవేలు, నడిమి వేలు కూడా. చెయ్యి మొత్తం పిడికిలి అయిపోయింది. పిడికిలితో ఏం వాయిస్తాను? కుడిచెయ్యి మాత్రం పోతూనే ఉంది. ఫోన్లో మాట్లాడే మనిషి మాటలు ఒకవైపువే వినిపిస్తాయి చూడు, అలా.

ఆపేశాను. చేతులు ఒళ్ళో పెట్టుకున్నాను. లేచి నిలబడ్డాను.

మూల నుంచి ఒకరెవరో చప్పట్లు మొదలుపెట్టారు. తర్వాత అందరూ. చిన్నపిల్ల పడి లేస్తే కొడతారే, అవి. ఇన్నేళ్ళలో ఎన్నో రకాల చప్పట్లు విన్నాను. పొడిగా కొట్టేవి, మర్యాదకి కొట్టేవి, బస్సుకి టైమవుతోందని కొట్టేవి. ఇవి ఎప్పుడూ వినలేదు.

లోపలికి రాగానే కళాశాల ఆవిడ బొకే ఇచ్చింది. నేను దానివైపు చూస్తుంటే ఆవిడకే సిగ్గేసింది. "తెచ్చేశాం కదండీ, మరి" అంది.

పక్క తలుపు దగ్గర అక్క నిలబడి ఉంది. పిలవకుండానే వచ్చి ఆఖరి వరసలో కూర్చుందిట. నా సంచీ తీసుకుంది, బొకే తీసుకుంది. కారులో కూర్చున్నాక చిన్నప్పుడు నాకు చెప్పులు తొడిగినట్టు వంగి, సీటు బెల్టు పెట్టింది. దారిలో సిగ్నల్ దగ్గర బావ కారు ఆపినప్పుడు చూస్తే అక్క ఏడుస్తోంది. నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఇది నా ఏడుపు, దీన్ని కూడా నా బదులు ఈమే ఏడుస్తోంది అనుకున్నాను.

మే 18

*

మే 25

పియానో మీద దుప్పటి కప్పాను.

జూన్ 3

కింది ఇంటావిడ మెట్ల దగ్గర ఆపింది. "ఈమధ్య చప్పుడు లేదు, ఊరెళ్ళారా?"

"లేదండీ. ఇక్కడే."

"అయ్యో, చీపురుతో కొట్టానని మానేశారా? ఏదో తలనొప్పిగా ఉండి కొట్టాను. మీరు వాయించుకోండమ్మా, నేనేమీ అనుకోను."

ఆవిడే నన్ను ఓదార్చింది. వాయిస్తానులెండి అని ఆవిడకి మాటిచ్చి వచ్చాను.

జూన్ 16

అక్కా బావా వచ్చారు. బావ జోకులేమీ వేయలేదు, అప్పుడే అర్థమైంది ఎందుకొచ్చారో.

ఆకురాలే కాలంలో ఒప్పుకున్న కచేరీలున్నాయి. హాళ్ళవాళ్ళు అడుగుతున్నారు. పొడుగ్గా ఉంటుందని మేం పొడుగు అని పిలిచే అమ్మాయి ఉంది కదా, అక్క దగ్గర నేర్చుకుని పైకొచ్చింది, ఇప్పుడు తనే పదిమందికి నేర్పుతోంది. పై వంతు ఆ అమ్మాయి వాయిస్తే...

"అంటే నువ్వు ఒప్పుకుంటేనే" అంది అక్క. "వద్దంటే వద్దు. నేనూ మానేస్తాను. ఒట్టు."

బావ కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. అక్క నిజంగానే మానేస్తుందని ఆయనకి తెలుసు. నాకూ తెలుసు. ఒక్క మాట చాలు. "వద్దు" అంటే చాలు, ఇద్దరం మునిగేవాళ్ళం.

"దానికేముంది, వాయించుకోండి" అన్నాను. "పొడుక్కి నేనే నేర్పుతాను నా వంతు. వేళ్ళు ఎలా వెయ్యాలో నాకు కాక ఎవరికి తెలుసు?"

అక్క వచ్చి నా తల తన పొట్టకేసి అదుముకుంది. బావ ముక్కు చీదుకున్నాడు.

మనస్ఫూర్తిగానే అన్నాను.

జూన్ 17

మనస్ఫూర్తిగానే.

జూలై 2

పొడుగు వస్తోంది, వారంలో మూడు రోజులు. దుప్పటి తీశాను. ఆ అమ్మాయిని పై వంతు వైపు కూర్చోబెట్టి నేను పక్కన కుర్చీ వేసుకుంటాను. అక్క చోటు ఖాళీగా ఉంటుంది.

"చిన్న టీచర్గారూ, ఇక్కడ నాలుగో వేలా, ఐదో వేలా?"

"ఐదు."

"కష్టంగా ఉందండీ."

"కష్టంగా ఉంటుంది."

పాపిష్టిది, బాగా వాయిస్తుంది. నేను ఏడాది కష్టపడ్డ వరస నాలుగు రోజుల్లో పట్టేసింది. చిటికెనవేలు తీగలా సాగుతుంది. ఆ వేలినే చూస్తూ కూర్చుంటాను. తప్పు వస్తే బాగుండునని. రాదు.

జూలై 19

ఇవాళ తిట్టాను. ఊరికే, ఏదో చిన్న విషయానికి. "నీకు వేళ్ళున్నాయి కానీ చెవులు లేవు" అన్నాను. తల దించుకుని, "అవునండీ, పెద్ద టీచర్గారూ అదే అంటారు" అంది. అక్క ఆ మాట ఎవర్నీ అనదు. నా కోసం అబద్ధం చెప్పింది. మంచి పిల్ల. మంచి పిల్ల కాకపోతే ఎంత హాయిగా ఉండేది.

ఆగస్టు 8

పొడుగు అడిగింది: "మీరిద్దరూ ఒకేసారి ఎలా మొదలుపెడతారు? పెద్ద టీచర్గారు తల ఊపరు, చెయ్యీ ఎత్తరు. ఎన్ని వీడియోలు చూసినా తెలీట్లేదు."

నాకు తెలుసు. అక్క మొదలుపెట్టబోయే ముందు ముక్కుతో చిన్నగా గాలి తీసుకుంటుంది. పువ్వు వాసన చూసినంత. ఆ గాలి ఆగినచోట మొదటి స్వరం. చిన్నప్పట్నించి అంతే. అక్కకి కూడా తెలీదు తను అలా చేస్తుందని. ఈ లోకంలో ఆ సంగతి తెలిసినదాన్ని నేనొక్కదాన్నే.

"అలవాటు" అన్నాను. "నీకూ అలవాటవుతుంది."

ఆగస్టు 23

బావ ఫోన్. రిహార్సల్లో మొదలు కుదరట్లేదట, ప్రతిసారీ ఇద్దరూ ముందూ వెనకా అవుతున్నారట. "నువ్వొకసారి వచ్చి చూడకూడదూ?" అన్నాడు.

"ఒంట్లో బాగాలేదు" అన్నాను.

ఫోన్ పెట్టేశాక సంతోషం వేసింది. రాయకూడదు కానీ రాస్తున్నాను, కడుపు నిండా భోంచేసినంత సంతోషం.

ఆగస్టు 24

వెళ్ళి చెప్పాలి.

ఆగస్టు 29

రేపు చెప్తాను.

సెప్టెంబర్ 14

చెప్పలేదు. ఇవాళ కచేరీ అయిపోయింది.

మధ్య వరసలో కూర్చున్నాను. ఎప్పుడూ స్టేజీ మీదనుంచి చూసేదాన్ని, కింద నుంచి పియానో ఇంత పెద్దదిగా కనిపిస్తుందని తెలీదు. అక్క వచ్చింది, వెనక పొడుగు. ఇద్దరూ కూర్చున్నారు. పొడుగు మోకాళ్ళు పియానోకి తగులుతుంటే అక్క కాస్త ఎడమకి జరిగింది. చేతులు పెట్టారు. హాలంతా ఊపిరి బిగబట్టింది. నేనూ. ఇప్పుడు చెడుతుంది, ఇప్పుడు అందరి ముందూ చెడుతుంది, అప్పుడు తెలుస్తుంది అనుకున్నాను. ఏం తెలుస్తుందో ఎవరికి తెలుస్తుందో ఆలోచించలేదు.

అక్క తల ఊపింది.

అంతే. పొడుగువైపు తిరిగి, చక్కగా, అందరికీ కనబడేలా తల ఊపింది. ఇద్దరూ ఒకేసారి మొదలుపెట్టారు.

మెట్ల పీస్ దిగే చోట కళ్ళు మూసుకున్నాను. స్వరాలన్నీ వరసగా దిగాయి. ఒక్క మనిషి చేత్తో దిగాయి. చూడకుండానే తెలిసిపోయింది, అంత తేడా ఉంది. అక్క కుడిచెయ్యి ఎక్కడికీ పరిగెత్తడం లేదు. తన పని తను చూసుకుంటోంది.

మా ఇద్దరి కంటే బాగా వాయించారు.

పక్కసీటు ఆయన నా వైపు వంగి, "వీళ్ళు కూడా అక్కాచెల్లెళ్ళేనాండీ?" అని అడిగాడు. కాదన్నాను.

సెప్టెంబర్ 15

తెలుసు. ఆ చలికాలం నించీ తెలుసు. పక్కన కూర్చున్నదాన్ని, తెలీకపోవడమేమిటి. అక్క చెయ్యి వచ్చే ప్రతిసారీ దాని వేడి తగిలేది.

అక్టోబర్ 6

మధ్యాహ్నం అక్క ఒక్కతే వచ్చింది. బావకి చెప్పకుండా బస్సులో వచ్చిందిట. టీ పెట్టాను. తాగలేదు, కప్పు పట్టుకుని కూర్చుంది.

"నీకొకటి చెప్పాలే" అంది. "ఎవరికీ చెప్పలేదు. మీ బావకి కూడా."

"చెప్పు."

"పొడుగుతో వాయించడం..." ఆగింది. "సుఖంగా ఉంది చిట్టీ."

నా కప్పు బల్ల మీద పెట్టాను.

"ఏడాదికి పైగా కచేరీ రోజున నాకు ముద్ద దిగేది కాదు. నా వంతు వాయించాలి, నీ వంతు చూసుకోవాలి, నీ మొహం చూసుకోవాలి, జనం మొహం చూసుకోవాలి. ఎక్కడ వేలు ముడుస్తావో, ఎప్పుడు దూరాలో. ఇంటికెళ్ళి భుజం పట్టేసి పడుకునేదాన్ని. ఇప్పుడు ఊరికే వాయిస్తున్నాను. మొన్న కచేరీ అయ్యాక ఆకలేసింది. ఎన్నాళ్ళయిందో ఆకలేసి. తింటూ తింటూ నువ్వు గుర్తొచ్చావు. చెప్పకపోతే ఇది కూడా నీ దగ్గర దాచినట్టవుతుందని వచ్చాను. ఇంక దాచే ఓపిక లేదు నాకు."

ఎప్పుడు ముసలిదైపోయిందో గమనించనేలేదు. మెడ దగ్గర చర్మం వదులైపోయింది.

"పో" అందామనుకున్నాను. ఆ మాటే నోట్లో ఉంది. కానీ వచ్చింది వేరే.

"నీది గాలి" అన్నాను. "మొదలుపెట్టే ముందు ముక్కుతో గాలి తీస్తావు. నేను దాన్ని పట్టుకుని మొదలుపెట్టేదాన్ని. పొడుగు అడిగితే చెప్పలేదు."

అక్క నన్ను చూసింది. "నేనా? గాలా?"

"నువ్వే."

"కావాలనే చెప్పలేదా?"

"కావాలనే."

కప్పులోకి చూసింది. తిడుతుందనుకున్నాను. "పోనీలే" అంటుందని భయపడ్డాను. రెండూ కాలేదు. "ఆ పిల్ల రిహార్సల్లో ఎంత ఏడ్చిందో తెలుసా?" అంది. అంతే అంది. చల్లారిన టీ గుక్కెడు తాగి, సోఫా మీద ఒరిగింది.

"కాసేపు నడుం వాలుస్తాను. నాలుగింటి బస్సు ఉంది" అంది. కళ్ళు మూసుకుని, "ఏదైనా వాయించవే. కుడిచేత్తోనే, ఊరికే."

"వాయించను" అన్నాను.

"చెయ్యి..."

"చెయ్యి గురించి కాదు. ఇంక వాయించను అక్కా."

కళ్ళు తెరవలేదు. కానీ విన్నది. పెదవులు బిగుసుకుని, మెల్లిగా వదులయ్యాయి. కాసేపటికి నిద్ర పట్టేసింది.

ఆ గదిలో ఇద్దరం ఉండి ఇంత నిశ్శబ్దంగా ఎప్పుడూ లేదు. కింద ఎవరో బట్టలు ఉతుకుతున్నారు. నేను పియానో వైపు వెళ్ళలేదు. కుర్చీ తెచ్చుకుని తన పక్కన వేసుకుని కూర్చున్నాను. నాలుగింటి బస్సు వెళ్ళిపోయింది. లేపలేదు.